కాంజుగేట్ ఎవరి నెత్తిన? కాంప్లెక్స్ వెక్టర్లను లంబంగా మార్చడంలో ఉన్న చిక్కు

కోఠిలో పాత పుస్తకాల దుకాణాల దగ్గర ఒక లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం, ఒక క్వాంటమ్ మెకానిక్స్ పుస్తకం కొని పక్కపక్కన తెరిచి చూస్తే, గ్రామ్–ష్మిట్ పద్ధతి (వెక్టర్లను ఒకదానికొకటి లంబంగా మార్చే పద్ధతి) దగ్గరికి వచ్చేసరికి ఒకదాని మాట ఇంకోటి కాదంటున్నట్టే ఉంటుంది. ‘వ’ అనే వెక్టర్‌లోంచి ‘ఉ’ దిశలో ఉన్న భాగాన్ని తీసెయ్యాలి. అందుకు లెక్కల పుస్తకం ⟨వ, ఉ⟩ అనే ఇన్నర్ ప్రొడక్ట్ (రెండు వెక్టర్లను గుణించి ఒక సంఖ్య రాబట్టే లెక్క) కట్టమంటుంది. ఫిజిక్స్ పుస్తకం ⟨ఉ|వ⟩ కట్టమంటుంది. రియల్ సంఖ్యలతో పని ఉన్నంతకాలం ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు, ఎటు రాసినా వచ్చేది ఒకటే కాబట్టి. కాంప్లెక్స్ సంఖ్యలు రాగానే వరస మారిస్తే విలువ కాంజుగేట్ అయిపోతుంది, అంటే దాని ఇమాజినరీ భాగం గుర్తు తిరగబడుతుంది. అప్పుడు ఒక పుస్తకంలోని నిర్వచనాన్ని ఇంకో పుస్తకంలోని ఫార్ములాలో వేస్తే తప్పు జవాబు వస్తుంది, అదీ చూడ్డానికి ఒప్పులాగే ఉంటుంది.

గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలోనైనా, ఉస్మానియాలోనైనా మ్యాథ్స్ వాళ్లు ఒక భవనంలో, ఫిజిక్స్ వాళ్లు ఇంకో భవనంలో పాఠం చెబుతారు. రెండు చోట్లా కూర్చునే విద్యార్థికి ఈ తేడా గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఇది మన సంప్రదాయం అని మొదటి క్లాసులో ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోవడమే మామూలు. నిజానికి ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండు సంప్రదాయాలూ సరైనవే, దేనికది నిలకడగా ఉంటుంది. చిక్కంతా రెంటినీ కలిపేసినప్పుడే.

అసలు కాంజుగేట్ ఎందుకు కావాల్సి వచ్చిందో ముందు చూడాలి. రియల్ వెక్టర్లకు వాడే మామూలు డాట్ ప్రొడక్ట్‌నే (1, ఐ) అనే వెక్టర్ మీద (ఐ అంటే −1కి వర్గమూలం) ప్రయోగిస్తే, దాన్ని దాంతోనే గుణిస్తే, 1·1 + ఐ·ఐ = 1 − 1 = 0. అంటే సున్నా కాని వెక్టర్‌కు పొడవు సున్నా వచ్చింది. అది తనకు తానే లంబంగా నిలబడింది! ఇలాంటి చోట దూరం అన్న మాటకే అర్థం ఉండదు. ఇక గ్రామ్–ష్మిట్‌లో ⟨ఉ, ఉ⟩ తో భాగించాలి గనుక మొదటి అడుగులోనే సున్నాతో భాగించాల్సి వస్తుంది. రెండింట్లో ఒకదానికి కాంజుగేట్ పెడితే 1·1 + ఐ·(−ఐ) = 2 వస్తుంది, పొడవు మళ్లీ పొడవవుతుంది. కాబట్టి ఒకదానికి కాంజుగేట్ పెట్టక తప్పదు. దేనికి పెట్టాలన్నది మాత్రం గణితం తేల్చదు, మనిషే తేల్చుకోవాలి.

వెక్టర్‌ను ఒక సంఖ్యతో గుణిస్తే, కాంజుగేట్ లేని స్థానంలోంచి ఆ గుణకం ఉన్నదున్నట్టు బయటికొస్తుంది, అది లీనియర్ స్థానం. కాంజుగేట్ ఉన్న స్థానంలోంచి గుణకం కాంజుగేట్ అయి బయటికొస్తుంది. మన ఎమ్మెస్సీ సిలబస్‌లలో తరచూ కనిపించే హాఫ్‌మన్–కుంజ్ పుస్తకం మొదటి స్థానాన్ని లీనియర్‌గా తీసుకుంటుంది. లెక్కల వాళ్లలో ఎక్కువమంది దారి అదే. ఫిజిక్స్ వాళ్లు 1939లో డిరాక్ ప్రవేశపెట్టిన బ్రా–కెట్ గుర్తులు (⟨ఉ| బ్రా, |వ⟩ కెట్) వాడతారు, వాళ్లకు రెండో స్థానం లీనియర్. ఎవరి కారణం వాళ్లకుంది. ఆపరేటర్ (వెక్టర్‌ను ఇంకో వెక్టర్‌గా మార్చేది) కుడివైపున్న కెట్ మీద పనిచేస్తుంది కాబట్టి కుడివైపు లీనియర్‌గా ఉంటే ఫిజిక్స్ రాతకు హాయి. లెక్కల వాళ్లు ‘వ’ని ఇన్‌పుట్‌గా, ‘ఉ’ని స్థిరంగా చూస్తారు. ఇన్‌పుట్ ముందు రాయడం వాళ్లకు అలవాటు. కేవలం రాసే సౌకర్యం గురించే అడిగితే మార్కులు ఫిజిక్స్ వాళ్లకే వేయాలి: ఉ పొడవు 1 అయినప్పుడు |ఉ⟩⟨ఉ|వ⟩ అని రాస్తే ప్రొజెక్షన్ (ఉ దిశలో ఉన్న వ భాగం) దానంతట అదే కళ్లకు కడుతుంది, ఏది దేని పక్కన ఉండాలో గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు.

ఇప్పుడు లెక్క చేసి చూద్దాం. ఉ = (1, ఐ), వ = (0, 1) అనుకుందాం. ఉ పొడవు వర్గం 2. లెక్కల వాళ్ల సంప్రదాయంలో, అంటే రెండో స్థానానికి కాంజుగేట్ పెట్టి:

⟨వ, ఉ⟩ = 0·1 + 1·(−ఐ) = −ఐ

దీన్ని ఉ పొడవు వర్గం 2తో భాగించి ఉ-తో గుణించాలి, కాబట్టి తీసెయ్యాల్సిన భాగం (−ఐ/2)·(1, ఐ) = (−ఐ/2, 1/2). దాన్ని (0, 1) లోంచి తీసేస్తే మిగిలేది (ఐ/2, 1/2). ఇది ఉ-కి లంబమేనా? (ఐ/2)·1 + (1/2)·(−ఐ) = 0. లంబమే.

ఇప్పుడు అదే నిర్వచనం ఉంచుకుని ఫార్ములా మాత్రం ఫిజిక్స్ పుస్తకంలోంచి తెచ్చుకుంటే ⟨ఉ, వ⟩ కడతాం. అది 1·0 + ఐ·1 = ఐ. గుర్తు ఒక్కటే మారింది. తీసెయ్యాల్సిన భాగం (ఐ/2, −1/2) అంటాం, మిగిలేది (−ఐ/2, 3/2) అంటాం. దీనికి ఉ-తో ఇన్నర్ ప్రొడక్ట్ కడితే −ఐ/2 − 3ఐ/2 = −2ఐ. మొదట ఉన్నది −ఐ. అంటే ఉ వాసన పోగొట్టబోయి రెట్టింపు చేశాం.

ఇది ఈ ఒక్క ఉదాహరణలో అనుకోకుండా జరిగింది కాదు. ⟨వ, ఉ⟩ విలువను క అనుకుంటే, తప్పు గుణకంతో తీసేశాక ఉ-తో మిగిలే ఇన్నర్ ప్రొడక్ట్ ‘క మైనస్ క కాంజుగేట్’. ఏ కాంప్లెక్స్ సంఖ్యలోంచైనా దాని కాంజుగేట్‌ను తీసేస్తే రియల్ భాగం కొట్టుకుపోయి ఇమాజినరీ భాగం రెండింతలుగా మిగులుతుంది. కాబట్టి క రియల్ సంఖ్య అయితే తప్పు ఫార్ములా కూడా ఒప్పు జవాబే ఇస్తుంది. క పూర్తిగా ఇమాజినరీ అయితే సరిగ్గా రెట్టింపు తప్పు ఇస్తుంది. ఈ రెండు కొసల మధ్య సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. క కోణం (కాంప్లెక్స్ తలంలో రియల్ అక్షంతో చేసేది) 30 డిగ్రీలైతే మిగిలినదాని పరిమాణం మొదట ఉన్నంతే, అంటే చేసిన పని దండగ. 30 నుంచి 150 డిగ్రీల మధ్యా, 210 నుంచి 330 మధ్యా ఉంటే మొదటికన్నా ఎక్కువే మిగులుతుంది. మొత్తం 360 డిగ్రీల్లో ఈ భాగం 240. కోణం ఎటైనా సమానంగా ఉండొచ్చనుకుంటే మూడింట రెండు వంతుల సార్లు ఈ తప్పు వల్ల వెక్టర్లు లంబానికి ఇంకా దూరం జరుగుతాయన్నమాట.

ఈ తప్పు పట్టుబడకుండా ఇంతకాలం తప్పించుకు తిరగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ప్రోగ్రాం రాసినవాళ్లు ముందు చిన్న చిన్న రియల్ వెక్టర్లతో సరిచూసుకుంటారు. అక్కడ అన్నీ సరిపోతాయి. పాఠ్యపుస్తకాల్లోని కాంప్లెక్స్ ఉదాహరణల్లో కూడా లెక్క తేలిగ్గా రావాలని ఇచ్చే వెక్టర్లకు ఇన్నర్ ప్రొడక్ట్ రియల్‌గా వస్తే, అక్కడా సరిపోతుంది. పైన వ = (0, 1) బదులు (1, 0) తీసుకుని ఉంటే క విలువ 1 వచ్చేది, తప్పు బయటపడేదే కాదు.

ఫార్ములాను బట్టీ పట్టడం కన్నా, గుణకం ఎలా ప్రవర్తించాలో అడగడం మేలు. వ-ని ఐ-తో గుణిస్తే దాని నీడ (ఉ మీద పడే ప్రొజెక్షన్) కూడా ఐ రెట్లు కావాలి. ఉ-ని ఐ-తో గుణిస్తే నీడ అస్సలు మారకూడదు, ఎందుకంటే ఉ, ఐ·ఉ రెండూ ఉండేది ఒకే కాంప్లెక్స్ గీత మీద, నీడ పడేది ఆ గీత మీద. మొదటి షరతును బట్టి వ లీనియర్ స్థానంలో ఉండి తీరాలి. రెండో షరతును బట్టి ఉ కాంజుగేట్ స్థానంలో ఉండాలి. ఏ పుస్తకమైనా సరే, లీనియర్ స్థానం ఎడమా కుడా అని ఒక్కసారి చూసుకుని, నీడ ఎవరిదో ఆ వెక్టర్‌ను అక్కడ పెడితే చాలు. వచ్చే నీడ రెండు సంప్రదాయాల్లోనూ ఒకే వెక్టర్. ఉ-ని నిలువు వరసగా, దాని కాంజుగేట్‌ను అడ్డు వరసగా రాసి గుణిస్తే వచ్చే మాత్రిక, ఉ పొడవు వర్గంతో భాగించినది, ప్రొజెక్షన్ మాత్రిక. అందులో కామాలూ స్థానాలూ ఏమీ ఉండవు, కాబట్టి గొడవే లేదు.

ఇంజినీరింగ్ విద్యార్థులకు ఈ సంగతి వేరే పేరుతో ఎప్పుడో పరిచయమైంది. ఫూరియర్ గుణకం (సిగ్నల్‌లో ఒక్కో ఫ్రీక్వెన్సీ ఎంతుందో చెప్పే సంఖ్య) కట్టేటప్పుడు ఎక్స్‌పొనెన్షియల్ ఘాతంలో వచ్చే మైనస్ గుర్తు ఉంది కదా, అది కాంజుగేటే. సిగ్నల్ లీనియర్ స్థానంలో ఉంది, ఎక్స్‌పొనెన్షియల్ కాంజుగేట్ స్థానంలో ఉంది. అక్కడ పొరపాటు పడేవాళ్లు తక్కువ, మైనస్ గుర్తు ఎదురుగా అచ్చయి ఉంటుంది కాబట్టి.

లంబం అన్న మాట దగ్గర కూడా కాంప్లెక్స్ స్థలం ఒక చిన్న మెలిక పెడుతుంది. (1, ఐ), దానికి ఐ రెట్లైన (ఐ, −1) రెండింటినీ నాలుగు రియల్ సంఖ్యల వెక్టర్లుగా విప్పి చూస్తే అవి ఒకదానికొకటి లంబం. కాంప్లెక్స్ కంటితో చూస్తే ఒకే గీత మీద ఉన్నవి. పైథాగరస్ సూత్రం కూడా ఒకవైపే పనిచేస్తుంది: లంబమైతే పొడవుల వర్గాలు కలుస్తాయి, కానీ వర్గాలు కలిసినంత మాత్రాన లంబం కానక్కర్లేదు, ఇన్నర్ ప్రొడక్ట్ రియల్ భాగం సున్నా అయితే చాలు, వర్గాలు కలిసిపోతాయి. రియల్ భాగం ఒక్కటే చూసి ‘లంబమే’ అని తేల్చే ప్రోగ్రాం పైన మనం చేసిన తప్పును కూడా పాస్ చేసేస్తుంది. అక్కడ మిగిలిన −2ఐ రియల్ భాగం సున్నాయే మరి.

మాదాపూర్ ఆఫీసుల్లో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఈ లెక్క చేతితో ఎవరూ చేయరు, నంపై (పైథాన్ భాషలో లెక్కల లైబ్రరీ), మ్యాట్‌ల్యాబ్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లకు అప్పగిస్తారు. అక్కడ పేర్లే మోసం చేస్తాయి. నంపైలో ‘ఇన్నర్’ అనే ఫంక్షన్ ఉంది, అది కాంజుగేట్ పెట్టదు. ‘డాట్’ కూడా పెట్టదు. ‘వీడాట్’ మాత్రం పెడుతుంది, అదీ మొదటిదానికి. మ్యాట్‌ల్యాబ్‌లో ‘డాట్’ మొదటిదానికి కాంజుగేట్ పెడుతుంది, అదే పేరుతో నంపైలో ఉన్నది పెట్టదు. జూలియా భాషలోని ‘డాట్’ మ్యాట్‌ల్యాబ్ దారిలోనే నడుస్తుంది. వీటన్నిటికీ కింద పునాదిగా ఉండే బ్లాస్ లైబ్రరీ మాత్రం రెండింటినీ వేర్వేరు పేర్లతో ఉంచింది: ‘జెడ్‌డాట్‌సీ’ కాంజుగేట్‌తో, ‘జెడ్‌డాట్‌యూ’ అది లేకుండా. క్వాంటమ్ కంప్యూటింగ్ నేర్చుకునేవాళ్లు వాడే క్విస్కిట్‌లో స్టేట్‌వెక్టర్‌కు ‘ఇన్నర్’ అనే పద్ధతి ఉంది, ఇది మొదటిదానికి కాంజుగేట్ పెడుతుంది. అంటే ఒకే ఫైల్‌లో రెండు ‘ఇన్నర్‌’లు ఉండి, ఒకటి పెట్టేది, ఇంకోటి పెట్టనిది కావచ్చు. కాంజుగేట్ పెట్టేవన్నీ మొదటిదానికే పెడుతున్నాయని గమనిస్తే, సాఫ్ట్‌వేర్ లోకం ఫిజిక్స్ పక్షాన చేరిందని తెలుస్తుంది. లెక్కల పుస్తకంలోని ⟨వ, ఉ⟩ ని చూసి వరస మార్చకుండా వీడాట్‌లో వ, ఉ అని టైప్ చేస్తే తప్పు. ఉ, వ అని ఇవ్వాలి. మాత్రికల దగ్గర మ్యాట్‌ల్యాబ్‌లో ఒంటి అపోస్ట్రఫీ కాంజుగేట్ పెట్టి మాత్రికను తిప్పుతుంది (అడ్డు వరసలు నిలువు వరసలవుతాయి), చుక్క పెట్టి అపోస్ట్రఫీ పెడితే ఊరికే తిప్పుతుంది. నంపైలో ‘టీ’ ఊరికే తిప్పేదే. మ్యాట్‌ల్యాబ్ కోడ్‌ను పైథాన్‌లోకి మార్చే పనుల్లో ఇక్కడ కాలు జారడం చాలా తేలిక.

కాంజుగేట్ అసలు పెట్టకపోవడం, తప్పు చోట పెట్టడం, ఈ రెండూ వేర్వేరు జబ్బులు. రాడార్, వైర్‌లెస్ పనుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆ రంగాల పని హైదరాబాద్‌లో చాలానే జరుగుతుంది, చాంద్రాయణగుట్టలో ఉన్న డీఎల్ఆర్ఎల్ (డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ రీసెర్చ్ లాబొరేటరీ) పనే రక్షణ ఎలక్ట్రానిక్స్. నాలుగు యాంటెనాలను వరసగా, సగం తరంగదైర్ఘ్యం ఎడంతో పెట్టామనుకుందాం. సూటిగా ఎదురునుంచి కాక 30 డిగ్రీల పక్కనుంచి సిగ్నల్ వస్తే ఒక్కో యాంటెనాకు 90 డిగ్రీల ఫేజ్ (తరంగం తన చక్రంలో ఎక్కడుందో) తేడా పడుతుంది. నాలుగింటి మీదా కనిపించేది (1, ఐ, −1, −ఐ). ఆ దిశనుంచి సిగ్నల్ వచ్చిందా అని చూడాలంటే, వచ్చినదాన్ని ఈ నమూనాతో ఇన్నర్ ప్రొడక్ట్ కట్టాలి. కాంజుగేట్‌తో కడితే 1 + 1 + 1 + 1 = 4, పూర్తి బలం. కాంజుగేట్ మరిచిపోతే 1 − 1 + 1 − 1 = 0. సిగ్నల్ కళ్లముందే ఉన్నా లేదంటుంది. అదే ప్రోగ్రాం మైనస్ 30 డిగ్రీల నమూనా (1, −ఐ, −1, ఐ) తో పోల్చినప్పుడు 4 అంటుంది. ఎడమనుంచి వచ్చినదాన్ని కుడినుంచి వచ్చిందని చెబుతుందన్నమాట. ఇంత పెద్ద తప్పు మొదటి పరీక్షలోనే దొరికిపోతుంది.

తప్పు చోట పెట్టినప్పుడు అలా దొరకదు. అప్పుడు వచ్చే సంఖ్య సరైనదానికి కాంజుగేట్, పరిమాణం అంతే ఉంటుంది. ఏ దిశనుంచి ఎంత బలంగా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు సరిగ్గానే వస్తుంది. గ్రాఫులన్నీ బాగుంటాయి. అడ్డుతగిలే సిగ్నల్‌ను తీసెయ్యబోయినప్పుడే బండారం బయటపడుతుంది, ఎందుకంటే తీసెయ్యడానికి బలం ఒక్కటీ చాలదు, ఫేజ్ కూడా సరిపోవాలి. కొలవడానికి పనికొచ్చిన ఫంక్షన్ తీసివెయ్యడానికి పనికి రాదంటే ఎవరికైనా అనుమానం ముందు హార్డ్‌వేర్ మీదికే పోతుంది.

ఇంకో తికమక ఉంది, అది తప్పు కాదు. పైన వచ్చిన (ఐ/2, 1/2) ని పొడవు 1 అయ్యేలా మారిస్తే (ఐ, 1)/√2. పక్కన కూర్చున్నవాళ్లు (1, −ఐ)/√2 అని రాసి ఉండొచ్చు. చూడ్డానికి వేర్వేరు, కానీ మొదటిదాన్ని −ఐ-తో గుణిస్తే రెండోది వస్తుంది. రియల్ వెక్టర్లలో యూనిట్ వెక్టర్‌కు ప్లస్, మైనస్ రెండే వేషాలు. కాంప్లెక్స్‌లో పరిమాణం 1 ఉన్న ఏ సంఖ్యతో గుణించినా చెల్లుతుంది కాబట్టి వేషాలకు లెక్కే లేదు. ఆబ్జెక్టివ్ పరీక్షల్లో మన జవాబు నాలుగు ఆప్షన్లలోనూ కనబడకపోతే కంగారు పడేముందు ఒక పని చేయొచ్చు: ఆప్షన్‌లోని ఒక్కో అంకెనూ మన జవాబులోని అదే స్థానపు అంకెతో భాగించి చూడాలి. అన్ని చోట్లా ఒకే సంఖ్య వచ్చి, దాని పరిమాణం 1 అయితే రెండూ ఒకటే. క్యూఆర్ విభజనలో (మాత్రికను లంబ యూనిట్ వెక్టర్ల క్యూ, త్రిభుజాకారపు ఆర్ అనే రెండు మాత్రికల గుణకారంగా రాయడం) ఆర్ మాత్రిక కర్ణం మీద అన్నీ రియల్, ధన సంఖ్యలే ఉండాలని షరతు పెట్టేది ఈ స్వేచ్ఛకు కళ్లెం వేయడానికే.

లంబంగా లేని ఆధారంతో (బేసిస్ వెక్టర్లతో) పనిచేసేటప్పుడు ఇదే చిక్కు గ్రామ్ మాత్రికలో దాక్కుంటుంది. ఉ వెక్టర్ల ఇన్నర్ ప్రొడక్టులన్నీ పేర్చిన ఆ మాత్రికను సంప్రదాయం మారిస్తే అడ్డాన్ని నిలువుగా తిప్పేసినట్టవుతుంది. డిటర్మినెంట్ మారదు, ఐగెన్ విలువలు మారవు, అందుకని సరిచూసినా పట్టుబడదు. గుణకాలు కట్టినప్పుడే తేడా తెలుస్తుంది.

ఈ పద్ధతికి పేరిచ్చిన గ్రామ్ డెన్మార్క్‌లో బీమా లెక్కలు చూసుకున్న గణితవేత్త, ఆయన వ్యాసం 1883 నాటిది. ష్మిట్ 1907లో ఇంటిగ్రల్ సమీకరణాల సందర్భంలో దీన్ని వాడి, ఇది సారంలో గ్రామ్‌దేనని తనే ఒప్పుకున్నాడు. వాళ్లకు లేని బెడద కంప్యూటర్‌తో వచ్చింది. సంఖ్యలు పదహారో అంకె దగ్గర తెగిపోతాయి కాబట్టి, దాదాపు ఒకే దిశలో ఉన్న వెక్టర్ల మీద గ్రామ్–ష్మిట్ నడిపితే లంబం సడలుతుంది. అందుకు రెండు మందులు వాడుకలో ఉన్నాయి. ఒకటి, ప్రతి గుణకాన్నీ ముందున్న అసలు వెక్టర్‌తో కాక అప్పటిదాకా తీసేయగా మిగిలినదానితో కట్టడం. రెండోది, పనంతా మరోసారి చేయడం. మామూలుగా రెండోసారికి లంబం కుదురుకుంటుంది.

కాంజుగేట్ తప్పు చోట ఉన్నప్పుడు మాత్రం ఈ రెండో మందు వికటిస్తుంది. మొదటిసారి తర్వాత మిగిలిన ఇన్నర్ ప్రొడక్ట్ పూర్తిగా ఇమాజినరీ అని చూశాం. ఇమాజినరీ సంఖ్యలోంచి దాని కాంజుగేట్ తీసేస్తే అది రెట్టింపవుతుంది. మన ఉదాహరణలో (−ఐ/2, 3/2) మీద అదే తప్పు ఇంకోసారి చేస్తే (−3ఐ/2, 5/2) వస్తుంది, ఉ-తో దాని ఇన్నర్ ప్రొడక్ట్ −4ఐ. మూడోసారి −8ఐ. సంఖ్యలు తెగిపోవడం వల్ల వచ్చిన సడలింపైతే రెండోసారికి చిన్నదవ్వాలి. అది పెరుగుతూ, పైగా మొదటి జంట దగ్గర రియల్ భాగం సున్నాగా కనిపిస్తే, ఇన్నర్ ప్రొడక్ట్ ఫంక్షన్‌కు ఇచ్చిన రెండు వెక్టర్ల వరస తారుమారైందన్నమాట.